తాతలో కనబడి తండ్రిలో దాగినది



హైదరాబాదు పాత నగరములో సైదాబాదు అను పేట యున్నది. దాని ప్రక్కనే మలక్‌పేట. 1886వ సంవత్సరమున ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీ ఖాన్, అప్పటివరకు మౌలాలిలో జరుగుచుండిన గుఱ్ఱపు పందెములను తన మహబూబ్ మాన్షన్‌కు దగ్గరగా నుండునట్లు మలక్‌పేటకు మార్పించెను. ఆ మైదానము నేటికిని కలదు. పందెము కాయుటవలన చెడిన కుటుంబములను మనము ఎరుగుదుము. దానిని గూర్చి ఈ పత్రికలో ఒక మంచి మాటయైనను వ్రాయుటకు నాకు మనస్సు లేదు. అయితే ఆ గుఱ్ఱములను పెంచువారు ఒక పని శ్రద్ధగా చేసిరి. ప్రతి గుఱ్ఱమునకు తండ్రి యేది, తల్లి యేది, రంగు యేది అని వ్రాసి పెట్టిరి. ఇంగ్లండులో 1791వ సంవత్సరమున ఆ వంశావళి గ్రంథము మొదటిసారి అచ్చుపడెను. మత్తయి సువార్త మొదటి అధ్యాయమువలెనే అందులోను ఫలానిది ఫలానిదానిని కనెనని పుటలకొలది సాగును. మలక్‌పేటలో పరుగెత్తు గుఱ్ఱముల పూర్వులు ఆ గ్రంథములోనివే.

ఆ వంశావళిలో ఒక తాత, ఒక తండ్రి, ఒక మనుమడు ఉన్నారు. తాత పేరు స్క్వర్ట్. దాని ఒళ్లంతయు, జూలును తోకయు సహా, ఎఱ్ఱని రంగు. దీనిని గుఱ్ఱములవారు చెస్ట్‌నట్ అందురు. దాని కొడుకు మార్‌స్క్ ముదురు గోధుమ వన్నెది. ఎఱ్ఱదనము దానియందు కనబడలేదు. ఆ మార్‌స్క్‌కు స్పిలెట్టా అను ఆడ గుఱ్ఱమువలన 1764వ సంవత్సరము ఏప్రిల్ 1వ తేదీన, సూర్యగ్రహణము పట్టిన దినమున, ఒక పిల్ల పుట్టెను. గ్రహణమునుబట్టియే దానికి ఎక్లిప్స్ అని పేరు పెట్టిరి. స్పిలెట్టాయు గోధుమ వన్నెదే. ఒడలు గోధుమ, జూలు నలుపు. ఇట్టి రంగును బే అందురు. పిల్ల మాత్రము తాతవలె ఎఱ్ఱగా పుట్టెను. ఆ ఎక్లిప్స్ పదునెనిమిది పందెములు పరుగెత్తి ఒక్కదానిలోనైనను ఓడిపోలేదు. నేడు లోకములోని పందెపు గుఱ్ఱములలో నూటికి తొంబదికి పైగా మగ వరుసలో దాని సంతతివే.

అది గెలువసాగిన తరువాత, దాని తండ్రి మార్‌స్క్ కాదు, మరియొక గుఱ్ఱమని కొందరు వాదించిరి. ఆ వాదమునకు ఏ యే కారణములుండెనో అట్లుండనిండు. ఒక్క మాట ఆలోచింపుడి. తల్లిదండ్రులు ఇద్దరును ఒక రంగు, పిల్ల వేరొక రంగు అయినప్పుడు మన ఊళ్లలో మొదట వినవచ్చు మాట యేది? తప్పు ఆడదానిదే యని కదా! పశువు విషయములో ఈ మాట నవ్వులతో పోవును. మనుష్యుల యింట పడినప్పుడు ఎన్ని కాపురములు దీనివలన కూలినవో దేవునికి తెలియును. అందుచేతనే ఈ గుఱ్ఱముల చరిత్రను మీ యెదుట పెట్టుచున్నాను.

చదువుకొన్నవారు కూడ ఆడదానినే తప్పుపట్టిన ఒక కథ కలదు. స్కాట్లండు దేశపు ప్రభువైన లార్డ్ మోర్టన్ ఒక క్వాగాను సంపాదించెను. క్వాగా యనగా ఆఫ్రికా ఖండమందలి చారల గుఱ్ఱము, జీబ్రాకు దగ్గరి చుట్టము. 1883వ సంవత్సరమున ఆమ్‌స్టర్‌డామ్ జంతుశాలలో చివరిది చచ్చి ఆ జాతి లోకములో లేకపోయెను. ఆయన ఒక ఎఱ్ఱని ఆడ గుఱ్ఱమును ఆ క్వాగాకు దాటించెను. సంకరపు పిల్ల పుట్టెను. తరువాత ఆ ఆడ గుఱ్ఱమును వేరొకరికి ఇచ్చివేయగా, వారు దానిని నల్లని అరబ్బీ గుఱ్ఱమునకు దాటించిరి. అప్పుడు పుట్టిన పిల్లల కాళ్లమీద చారలు కనబడెను. మోర్టన్ ఈ సంగతి లండనులోని రాయల్ సొసైటీకి వ్రాసి పంపెను. వారు దానిని 1821లో అచ్చువేసిరి. మొదటి మగదాని ముద్ర ఆడదాని గర్భములో నిలిచిపోయి, తరువాతి పిల్లలన్నిటిని మలినపరచునని అందరును నమ్మిరి. డార్విను అంతటివాడు కూడ నమ్మెను. డెబ్బది యెనుబది సంవత్సరములు ఈ మాట పుస్తకములలో నిలిచెను. అటునుండి స్త్రీలమీదికి ప్రాకెను. విధవరాలు మరల పెండ్లాడినచో రెండవ భర్త పిల్లలకు మొదటి భర్త పోలికలు వచ్చునని చెప్పినవారు కూడ ఉండిరి.

తుదకు ఎడింబరో పండితుడు కోసర్ యూవర్ట్ పెనికుక్ అను గ్రామమున 1895 మొదలుకొని ఒక జీబ్రా మగదానిని ఉంచి, ఆడ గుఱ్ఱములను మొదట దానికిని తరువాత మామూలు గుఱ్ఱములకును దాటించి పరీక్షించెను. జీబ్రా ముద్ర రెండవమారు పుట్టిన పిల్లలలో కనబడలేదు. మరియు ఏ జీబ్రానైనను ఏ క్వాగానైనను చూడని ఆడ గుఱ్ఱములకు సహితము ఒక్కొక్కప్పుడు చారల కాళ్ల పిల్లలు పుట్టుట ఆయన గమనించెను. చారలు గుఱ్ఱపు జాతిలో ఎప్పటినుండియో ఉన్నవే; ఆడదాని తప్పేమియు లేదు.

గుఱ్ఱములను కొంతసేపు విడిచి మందలయొద్దకు వత్తము. ఆదికాండము 30వ అధ్యాయము మీలో చాలమంది ఎరుగుదురు. యాకోబు తన మామయైన లాబానుతో జీతము మాటలాడుకొనెను. మేకలలో పొడలును మచ్చలును గలవియు, గొఱ్ఱెలలో నల్లవియు తనవి, తక్కినవన్నియు లాబానువి. లాబాను ఎంత గట్టివాడో చూడుడి. ఒప్పుకొన్న దినముననే మచ్చలవాటిని, నల్లవాటిని ఏరి తన కొడుకుల చేతికిచ్చి, మూడు దినముల ప్రయాణమంత దూరమునకు తోలించెను. యాకోబు చేతిలో మిగిలినది ఒకే రంగు మంద. ఇక నల్లపిల్ల యెక్కడనుండి వచ్చును? లాబాను లెక్క అది. కండ్లకు కనబడినదానిని తీసివేసినచో ఉన్నదంతయు తీసివేసినట్లేయని అతడు తలంచెను.

గొఱ్ఱెలు కాచినవారెవరైనను ఈ లెక్క తప్పని చెప్పగలరు. తెల్లని మందలో, తెల్లని పొట్టేలుకు, తెల్లని గొఱ్ఱెకు అప్పుడప్పుడు నల్లపిల్ల పుట్టుచునే యుండును. చాల జాతులలో గొఱ్ఱెలకు నలుపు దాగియుండు రంగు. తెలుపు దానిని కప్పివేయును. లాబాను నల్లవాటిని తోలించెను గాని, తెల్లవాటి లోపలనున్న నలుపును తోలింపలేకపోయెను. యాకోబు చువ్వలు చెక్కి నీళ్ల తొట్లయొద్ద పెట్టెనని ఆ అధ్యాయములోనే యున్నది. పశువు చూలుకట్టునప్పుడు దేనిని చూచునో పిల్ల ఆ రంగున పుట్టునని ఆ కాలపువారి నమ్మకము. మన ఊళ్లలో కడుపుతోనున్న స్త్రీకి గోడమీద అందమైన బిడ్డల పటములు తగిలించుట ఆ నమ్మకపు తమ్ముడే. అయితే 31వ అధ్యాయములో యాకోబు తన భార్యలకు ఈ సంగతి చెప్పునప్పుడు చువ్వల మాట యెత్తలేదు. మందను తనకిచ్చినవాడు దేవుడే యనెను. స్వప్నములో దేవుని దూత తనకు చూపినది మందను దాటుచుండిన పొట్టేళ్లనే యనెను. ఈ రెండు అధ్యాయములను ప్రక్కప్రక్కన పెట్టి చదువుకొనుడి. చువ్వల మీద ప్రసంగములు చాల విన్నాను. ఆ పొట్టేళ్ల మీద ఒక్కటియు వినలేదు.

గొఱ్ఱెల రంగు సంగతి శాస్త్రమునకు ఎక్కినది కూడ గొఱ్ఱెల కాపరులవలననే. రెండు నూరేండ్ల నాటి ఆస్ట్రియా దేశములో, మొరావియా సీమకు బ్రూనో పట్టణము ముఖ్యస్థలము. ఇప్పుడది చెక్ దేశములో నున్నది. అక్కడ ఉన్ని వ్యాపారము మెండు. మంచి ఉన్ని గల గొఱ్ఱెలను పెంచువారు సంఘముగా కూడి మాటలాడుకొనుచుండిరి. వారిలో ఇమ్రె ఫెష్టెటిచ్ అను హంగేరీ ప్రభువు 1819లోనే ఒక సంగతి అచ్చువేయించెను. తాతముత్తాతల లక్షణము పిల్లలలో కనబడకపోయినను, తరువాతి తరములలో మరల కనబడవచ్చునని ఆయన వ్రాసెను. ఎట్లు, ఎందుకు, ఎన్నింటిలో అని ఆయనకు తెలియదు. మందను చూచి చెప్పిన మాట అది. 1830లలో ఆ సభలలోనే బ్రూనో మఠాధిపతియైన సిరిల్ నాప్ మరియొక మెట్టు ఎక్కెను. పొట్టేలును ఎట్లు ఏరవలెను అను తర్కము చాలును, అసలు సంతానమునకు దిగునదేమి, అది ఏ రీతిగా దిగును అని అడుగుడని ఆయన పెంపకందార్లతో అనెను.

కొన్ని ఏండ్లకు ఆ నాప్‌గారి మఠములోనే ఒక సన్యాసి చేరెను. పేరు గ్రెగర్ మెండెల్, 1822లో పుట్టినవాడు, బీద రైతు కొడుకు. ఉపాధ్యాయుని పరీక్షకు పోయి తప్పెను. మఠపు తోటలో ఆయన బఠానీలు విత్తి, 1856 మొదలు 1863 వరకు ఎనిమిది ఏండ్లు లెక్కపెట్టెను. దాదాపు 28,000 మొక్కలు! గుండ్రని గింజల జాతిని ముడుతల గింజల జాతితో కలిపెను. పుట్టిన గింజలన్నియు గుండ్రనివే. ముడుత ఒక్కదానిలోను లేదు. ఎవరైనను ముడుత పోయినదని చెప్పి పని చాలింతురు. ఆయన చాలింపలేదు. ఆ గుండ్రని గింజలనే మరల విత్తి, మరుసటి తరమున 7,324 గింజలు లెక్కించెను. 5,474 గుండ్రనివి, 1,850 ముడుతలవి. మూడు పాళ్లకు ఒక పాలు. పోయినదనుకొన్న ముడుత చెక్కు చెదరక తిరిగి వచ్చెను. సగము ముడుత, పావు ముడుత అని లేదు, అవ్వ యెట్లున్నదో అట్లే వచ్చెను.

దీని భావము కష్టమైనది కాదు, కాని నెమ్మదిగా చదువుడి. ప్రతి జీవికి ఒక్కొక్క లక్షణము విషయమై రెండు వంతులుండును: తండ్రి యిచ్చినది ఒకటి, తల్లి యిచ్చినది ఒకటి. వీటినే నేడు జన్యువులు అందురు. రెండు వంతులు వేరువేరైనప్పుడు ఒకటి పైకి కనబడును, ఒకటి దాని చాటున నుండును. కనబడుదానిని బహిర్గత లక్షణమనియు, చాటుననున్నదానిని అంతర్గత లక్షణమనియు మన బడి పుస్తకములలో వ్రాయుదురు. చాటుననున్నది చచ్చినది కాదు. తెల్లని గొఱ్ఱె తన లోపలి నల్ల వంతును తన పిల్లలలో సగమునకు ఇచ్చుచునే యుండును. ఆ పిల్లలకు రెండవ వంతు తెలుపైనంతకాలము నలుపు పైకి రాదు. రెండు తరములు, పది తరములు రాకపోవచ్చును. ఏ దినమున నలుపు దాచుకొన్న పొట్టేలు నలుపు దాచుకొన్న గొఱ్ఱెను కలియునో, ఆ దినమున నాలుగింట ఒక వంతు చొప్పున నల్లపిల్ల పుట్టును. పిల్ల నల్లగా పుట్టవలెనన్న రెండు నల్ల వంతులు కావలెను. గొఱ్ఱె ఒక్కటే చాలదు. పొట్టేలు తప్పక తన వంతు ఇచ్చి యుండవలెను.

మెండెల్ 1865వ సంవత్సరము ఫిబ్రవరి 8న, మార్చి 8న బ్రూనో సభలో దీనిని చదివెను. మరుసటి ఏడు అచ్చుపడెను. ఎవరును లక్ష్యపెట్టలేదు. 1868లో నాప్‌గారి స్థానమున మఠాధిపతియై, పన్నుల విషయమై ప్రభుత్వముతో పోరాడుచు, 1884లో ప్రభువునందు నిద్రించెను. 1900వ సంవత్సరమున ముగ్గురు పండితులు వేరువేరుగా ఆ సంగతినే కనుగొనగా, అప్పుడు ఆయన కాగితములు వెలికివచ్చెను. వెంటనే కోళ్లలో, ఎలుకలలో పరీక్షించి, జంతువులయందును అది నిజమేయని చూచిరి. హర్స్ట్ అను ఆంగ్లేయుడు ఆ గుఱ్ఱముల వంశావళి గ్రంథమునే ముందు పెట్టుకొని, తల్లిదండ్రులిద్దరును ఎఱ్ఱనివైన పిల్లలను ఏరి 1906లో లెక్క ప్రకటించెను. వెయ్యికి పైగా పిల్లలలో పదియైనను వేరు రంగువి లేవు. ఆ కొద్ది కూడ వ్రాతలో దొర్లిన తప్పులేయని ఆయన తలంచెను. ఎఱ్ఱదనము అంతర్గతము గనుక రెండు ఎఱ్ఱనివి కలిసినప్పుడు దాచుకొనుటకు వేరేమియు ఉండదు. గోధుమ వన్నెవి రెండు కలిసినచో మాత్రము ఎఱ్ఱనిది రావచ్చును. నూట నలుబది ఏండ్ల తరువాత స్పిలెట్టామీది అనుమానములో రంగునకు సంబంధించిన పాలు ఈ విధముగా కొట్టుపడెను. మార్‌స్క్ తన తండ్రి స్క్వర్ట్‌నుండి ఎఱ్ఱ వంతును మోసికొని వచ్చెను. స్పిలెట్టాయు ఒక ఎఱ్ఱ వంతును లోపల మోయుచుండెను.

ఇదే సంగతిని కన్నులార చూడగోరువారు హైదరాబాదునకు వచ్చినప్పుడు మీరాలం చెరువు ప్రక్కనున్న నెహ్రూ జంతుశాలకు పోవచ్చును. అది 1963 అక్టోబరు 6న తెరువబడెను. అక్కడ తెల్ల పులుల యెదుట ఎప్పుడును జనము గుమిగూడి యుందురు. అది వేరే దేశపు పులియని కొందరు, చలి సీమ పులియని కొందరు చెప్పుచుందురు. రెండును కావు. అది మన పులియే. పసుపు వన్నె అంతర్గత కారణముచేత తగ్గి, చారలు మాత్రము నిలిచినది. ఒక్క జన్యువులో ఒక్క చిన్న మార్పే యింతకు కారణమని 2013లో చీనా దేశపు పండితులు కనుగొనిరి.

ఆ పులుల వంశచరిత్ర కూడ మన కథయే. 1951 మే నెలలో వింధ్య ప్రాంతపు రీవా మహారాజు మార్తాండ సింగ్ అడవిలో ఒక తెల్లని మగ పులిపిల్లను పట్టించి, మోహన్ అని పేరిడి గోవింద్‌గఢ్ కోటలో పెంచెను. దానికి బేగం అను మామూలు రంగు ఆడ పులిని జతచేయగా మూడు ఈతలలో పది పిల్లలు పుట్టెను. పదియు పసుపు వన్నెవే. తెలుపు పోయినట్లే కనబడెను. పోలేదు, పదింటిలోను ఒక్కొక్క తెల్ల వంతు దాగియుండెను. వాటిలో రాధ అను పెంటిని దాని తండ్రియైన మోహన్‌కే జతచేసిరి. 1958 అక్టోబరు 30న నాలుగు పిల్లలు పుట్టెను, నాలుగును తెల్లనివి. వాటిలో మోహిని అనునది 1960లో అమెరికా రాజధానియైన వాషింగ్టనుకు చేరెను. ఒడిశాలోని నందన్‌కానన్‌లో మరియొక చిత్రము జరిగెను. 1980 జనవరిలో దీపక్, గంగ అను మామూలు రంగు పులులకు, ఎవరును ఎదురుచూడక మునుపే, తెల్ల పిల్లలు పుట్టెను.

తెల్లదనము చూడ ముచ్చటయే. కాని దానికొరకు తండ్రిని కూతురితో, అన్నను చెల్లెలితో తరతరములు కలిపినందున, దాగియుండిన మంచి కాని లక్షణములు కూడ జతకూడి బయటపడెను. తెల్ల పులులలో మెల్లకన్ను వచ్చునవి ఎన్నో. పుట్టినవెంటనే చచ్చినవి, అవయవ లోపముతో పుట్టినవి ఎన్నో. అమెరికా జంతుశాలల సంఘము 2011లో తన సభ్యులు తెల్ల పులులను ఉద్దేశపూర్వకముగా పుట్టింపరాదని నిర్ణయించెను. అది మంచి నిర్ణయమని నేననుకొనుచున్నాను.

పులి మనకు దూరము, ఆవు దగ్గర. మీ పశువుల ఆసుపత్రిలోనైనను గోపాలమిత్ర చేతనైనను ఆవుకు సూది వేయించుచున్నారు కదా. ఆ సూదితో ఒక్క ఆబోతు వేలకొలది దూడలకు తండ్రియగును. మేలు ఎంత త్వరగా వ్యాపించునో లోపమును అంత త్వరగానే వ్యాపించును. 1952లో అమెరికాలో పుట్టిన ఆస్బార్న్‌డేల్ ఐవన్‌హో అను హోల్‌స్టీన్ ఆబోతు పేరెన్నికగన్నది. దాని మనుమడు ఐవన్‌హో బెల్, 1974లో పుట్టినది, పాలధారకు ప్రసిద్ధి. దాని వీర్యము దేశదేశములకు పోయెను. ఈ రెండును పైకి ఆరోగ్యముగా నుండి లోపల ఒక లోపమును మోసినవి. ఇద్దరు మోసెడివారు కలిసి పుట్టిన దూడకు రోగములతో పోరాడు శక్తి యుండదు. నోటి పుండ్లు, ఊపిరితిత్తుల జబ్బు మరల మరల వచ్చి, చాలమట్టుకు ఏడాదిలోపల చచ్చును. 1990ల మొదట అమెరికా వీర్యశాలల హోల్‌స్టీన్ ఆబోతులలో నూటికి పదునాలుగు ఈ లోపమును మోయుచుండెనని తేలెను. 1992 నాటికి నెత్తుటి బొట్టుతో దానిని పట్టు పరీక్ష వచ్చెను. ఇప్పుడు మన దేశపు వీర్యశాలలలోను ఆబోతులను చేర్చుకొనుటకు ముందు ఈ పరీక్ష చేయుచున్నారు. అంతకుముందు ఆ దూడలు చచ్చినప్పుడు ఏమనిరి? ఆవు పాలు చెడ్డవనిరి, ఆవు కాలు మంచిది కాదనిరి, సంతకు తోలిరి. ఆబోతును ఒక్కరును అడుగలేదు.

ఇంతకంటె సిగ్గుపడదగిన కథ అమెరికాలోనే హియర్‌ఫర్డ్ జాతిలో జరిగెను. 1940లలో, 1950లలో పొట్టి కాళ్లు, ఉబ్బిన నుదురు, రొప్పు గల మరుగుజ్జు దూడలు పుట్టసాగెను. లోపమును ఒక్క వంతు మోయు ఆబోతు కొంచెము పొట్టిగా గుండ్రముగా నుండుటచేత ప్రదర్శనలలో దానికే బహుమానము వచ్చుచుండెను! ఆ దూడ పుట్టినప్పుడు కొందరు యజమానులు రాత్రివేళ దానిని పూడ్చి, మాట పొక్కనీయక, దాని తండ్రిని మంచి ధరకు అమ్మిరి. కొన్నవాని మందలో మరల అదే దూడ. నిజము చెప్పినవాని మందను కొనువారు లేకపోయిరి.

ఇక మన యిండ్లు. తెలుగు దేశములో మేనమామను, మేనబావను చేసికొనుట తరతరముల వాడుక. మన సంఘములలోను అది పోలేదు. దగ్గర చుట్టములైన ఇద్దరు ఒకే తాతనుండి ఒకే లోపపు వంతును పొందియుండుటకు ఎక్కువ వీలున్నది. అందుచేత పుట్టుచెవుడు మొదలైన కొన్ని లోపములు అట్టి యిండ్లలో కొంత హెచ్చుగా కనబడును. తల్లియు తండ్రియు వినగలరు, నలుగురు అవ్వతాతలును వినగలరు, బిడ్డకు వినబడదు. అప్పుడు అత్తగారు కోడలినే చూచును. గ్రహణములో కత్తి పట్టినదనును, పుట్టింట ఏమి దాచినారో యనును. సంఘపు పెద్ద వచ్చి పది ఆజ్ఞలలో మూడు నాలుగు తరముల మాట యెత్తి, ఇది ఎవరి పాపమోయని నిట్టూర్చును. ఆ పెద్దను నేను బతిమాలునదేమనగా, యెహెజ్కేలు గ్రంథము 18వ అధ్యాయమును కూడ విప్పుడి. యోహాను సువార్త 9వ అధ్యాయమున శిష్యులు ఆ పుట్టు గ్రుడ్డివాని విషయమై ఈ ప్రశ్ననే అడిగినప్పుడు మన ప్రభువు ఏమి చెప్పెనో చదువుడి. తల్లి యిచ్చినది ఒక్క వంతే. తండ్రి యిచ్చినది మరియొకటి. ఇద్దరికిని తాము మోయుచున్నట్టు తెలియదు. తెలిసికొనుటకు వారి ఒంటిమీద గురుతు లేదు. సంబంధము మాటలాడుకొనుటకు ముందు, ఇరువైపుల అటువంటి బిడ్డ ఎవరికైన పుట్టెనా యని నెమ్మదిగా అడిగి తెలిసికొని, పెద్ద ఆసుపత్రిలో వైద్యుని సలహా అడుగుట మేలు. బిడ్డ పుట్టిన తరువాత కోడలిని అడుగుటకు ఏమియు లేదు.

గొఱ్ఱెలు గలవారు నాకు వ్రాయుచుందురు గనుక చివరగా వారికొక పద్ధతి చెప్పెదను. మందలో పుట్టిన పొట్టేలునే మందకు ఉంచి, మరల దాని కొడుకును ఉంచుట మనవారి అలవాటు. కొనుట ఖర్చు కదా. ఇట్లు చేసినచో మోహన్, రాధల కథయే మీ దొడ్డిలో జరుగును. రెండు మూడు ఏండ్లకొకసారి దూరపు ఊరి పొట్టేలుతో మార్చుకొనుడి. ఆ క్రొత్త పొట్టేలు నలుపును దాచుకొన్నదో లేదో దానిని చూచి చెప్పలేము. తెల్ల మందయే కావలెననువారు, దానిని ఏడు నల్ల గొఱ్ఱెలకు దాటించి చూడవలెను. దాచుకొన్నదైనచో ఒక్కొక్క ఈతకు నల్లపిల్ల పుట్టుటకు సగము వీలున్నది. ఒక్కటి నల్లగా పుట్టినను సంగతి తేలిపోయినట్లే. ఏడు గొఱ్ఱెలు ఏడు పిల్లలను ఈని, ఏడును తెల్లనివే యైనచో, పొట్టేలు లోపల నలుపుండియు బయటపడకుండుటకు 128లో ఒక్క పాలు మాత్రమే మిగులును. ఆ పొట్టేలును ఉంచుకొనవచ్చును.